సువార్తలో సంతోషం ఎక్కడ జారిపోయింది?

సువార్త అంటే మంచి వార్త. మంచి వార్త మోసుకెళ్లేవారి ముఖంలో సంతోషం కనబడాలి. కానీ నేడు మన సంఘాల్లో సువార్త పరిచర్య అనగానే చాలామంది యువతీ యువకులు చూపు తిప్పుకుంటున్నారు. కొందరికి భయం, కొందరికి మొహమాటం. మరికొందరికి అది నివేదికలో చూపించాల్సిన లెక్క. ఎన్ని కరపత్రాలు పంచాం, ఎందరికి బాప్తిస్మం ఇచ్చాం అన్న లెక్కల్లో సంతోషం జారిపోయింది.

లూకా 10వ అధ్యాయంలో ప్రభువు పంపిన డెబ్బది మంది సంతోషంతో తిరిగివచ్చారు. దయ్యాలు సైతం తమకు లోబడ్డాయని చెప్పారు. ప్రభువు వారి సంతోషాన్ని కాదనలేదు, దాని ఆధారాన్ని మార్చాడు. సాధించినదాన్ని బట్టి కాదు, తమ పేర్లు పరలోకమందు ఉన్నందుకు సంతోషించమన్నాడు. దేవుడు మనల్ని తనవారిగా ఎంచాడు. ఆ మాటను, ఎవరూ తమవారిగా ఎంచని మనిషికి చేర్చడమే సువార్త.

తమిళనాడులో దిండిగల్ నుంచి పళని వెళ్లే దారిలో ఒట్టన్‌చత్రం ఉంది. కూరగాయల మార్కెట్టుకు పేరున్న ఊరు. 1955లో, ఆ ప్రాంతమంతా మదురై జిల్లాలో ఉన్న రోజుల్లో, డాక్టర్ ఎ.కె. థరియన్, డాక్టర్ జేకబ్ చెరియన్ అక్కడ క్రిస్టియన్ ఫెలోషిప్ హాస్పిటల్ ప్రారంభించారు. పట్నంలో స్థిరపడగలిగిన వైద్యులు పల్లె ప్రజల మధ్య కాపురం పెట్టారు. ఫెలోషిప్ అంటే సహవాసం. ఆ పేరులోనే వారి సాక్ష్యం ఉంది. దూరం నుంచి చెప్పి వెళ్లిపోయేవారికి దక్కని సంతోషం, కలిసి బ్రతికేవారికి దక్కుతుంది.

అయితే ఇది డాక్టర్లకే సాధ్యం అనుకోవద్దు. మన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి, మాదిగ. 1866లో బాప్తిస్మం పొంది, తన వారి పల్లెలకే వెళ్లి తాను విన్నది చెప్పాడు. ఒంగోలు ప్రాంతపు దళిత క్రైస్తవ ఉద్యమానికి అదే మొదలు. తర్వాత 1876–78 కరవులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనుల ద్వారా వేలమందికి కూలి చూపించాడు. ఆ పనులు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నాన్ని ఎరగా చేయకూడదన్నది ఆయన పట్టుదల. పనులు ముగిశాక, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మతం మార్చడానికే సేవ చేస్తామని మనల్ని నిందించేవారికి ఇంతకన్నా జవాబేముంది?

ఇక అసలు ప్రశ్న. మదురై, కోయంబత్తూరు ప్రాంతాల్లో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుకునే అరుంధతీయులున్నారు. కులం వారిని తోలు పనికి, పాకీ పనికి నెట్టింది. 2009లో తమిళనాడు ప్రభుత్వం ఎస్సీ కోటాలో వారికి 3 శాతం అంతర్గత రిజర్వేషన్ ఇచ్చింది. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, వారిలో ఒకరు క్రీస్తును బహిరంగంగా అంగీకరిస్తే ఎస్సీ హోదాయే పోతుంది. బిడ్డ చదువు, ఉద్యోగం ఆ హోదా మీదే ఆధారపడి ఉండవచ్చు. ఇంత వెల చెల్లించి వచ్చినవారిని మన సంఘంలో ఎక్కడ కూర్చోబెడుతున్నాం? మన ఇంట్లో భోజనానికి పిలుస్తున్నామా? మన బిడ్డల పెండ్లి సంబంధాల్లో వారి పేరు వినబడుతుందా? సమాధి తోటలో సైతం కులం చూసే సంఘం మంచి వార్త ఏమని చెబుతుంది?

యువతీ యువకులారా, విశ్వాసాన్ని ప్రకటించే హక్కు రాజ్యాంగం 25వ అధికరణంలోనే ఉంది. కాబట్టి భయపడకండి. అయితే వాదనతో మొదలుపెట్టకండి. మీ వీధి ఊడ్చే అక్కతో, మురుగు తీసే అన్నతో పేరు పెట్టి మాట్లాడండి. వారి కష్టం వినండి, వారి ఇంట భోంచేయండి. వారి జీతం ఆగితే వారితో పాటు ఆఫీసుకు నడవండి. దళిత క్రైస్తవుల హక్కు కోసం గొంతు కలపండి. మీ నిరీక్షణకు కారణమేమిటని వారే అడిగే రోజు వస్తుంది. ఆ రోజు మీరు చెప్పే నాలుగు మాటల్లో ఉండే సంతోషం ఏ నివేదికలోనూ పట్టదు.