దగ్గితే సూదేనా? పాలలో మిగిలేది ఎవరికి?

కోలార్: 2001లో కేజీఎఫ్ గనులు మూతపడ్డాక జిల్లాలో బంగారం మాట పాతబడింది. ఇప్పుడు పల్లెల్లో చాలా ఇళ్లకు ఆసరా పాల బిల్లే. అందుకే ఆవు దగ్గితే చాలు, రైతు గుండె గుబేలుమంటుంది. మందులంగడికి పరుగెత్తి 'యాంటీబయాటిక్ సూది ఇవ్వన్నా' అంటాడు. ఆ సాయంత్రం పాలు మామూలుగానే డైరీకి పోతాయి. చిక్కంతా ఇక్కడే ఉంది.

దగ్గులన్నీ ఒకటి కాదు

గొంతువాపు (గురక వ్యాధి) బ్యాక్టీరియాతో వస్తుంది. గొంతు వాచి, గురక పెట్టి ఒకటి రెండు రోజుల్లోనే పశువు చనిపోవచ్చు. అక్కడ యాంటీబయాటిక్ ప్రాణం కాపాడుతుంది, అదీ మొదటి గంటల్లో పడితేనే. గొర్రెలు, మేకలకొచ్చే పీపీఆర్ అలా కాదు, అది వైరస్. సూది వైరస్‌ను చంపదు, దాని వెంట వచ్చే న్యుమోనియాకే పనికొస్తుంది. మేకల్లో మైకోప్లాస్మాతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు పెన్సిలిన్ ఎన్ని డోసులు వేసినా దండగే. ఊపిరితిత్తుల్లో పురుగులున్నా, కొట్టంలో దుమ్ము, ఉచ్చ ఘాటు ఎక్కువైనా దగ్గొస్తుంది. ఇవన్నీ అంగట్లో కూర్చున్నాయనకు ఎలా తెలుస్తాయి?

పైగా ఒక రోజు వేసి, కాస్త తేరుకోగానే ఆపేయడం మామూలైపోయింది. చావక మిగిలిన క్రిములు మందుకు మొండికేస్తాయి. మనుషులకు చివరి ఆయుధంగా దాచుకున్న కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు వాడకుండా కేంద్రం 2019లో నిషేధించింది ఈ భయంతోనే.

పది రోజుల లెక్క

మందు సీసా మీద పాలు వాడకూడని గడువు రాసి ఉండాలి. ఆ పశువుకు గడువు తేల్చి ఉండకపోతే పాలకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు అని 2012లో కేంద్రం నిబంధన పెట్టింది. లెక్క చివరి సూది నుంచి. పాలు మరిగిస్తే మందు పోతుందనుకోవడం పొరపాటు. అలాంటి పాలు ఒక్కోసారి సరిగా తోడుకోవు కూడా.

రోజుకు 10 లీటర్లిచ్చే ఆవుకు మూడు రోజుల వైద్యం, ఏడు రోజుల గడువు అంటే 100 లీటర్లు పారబోయాలి. లీటరు 35 రూపాయలనుకున్నా 3,500 పోయినట్టే. మందు ఖర్చు వేరు. ఒకటి రెండు ఆవులున్న ఇంట్లో ఇది నెల బియ్యం, పిల్లల ఫీజు. ఆ నష్టమంతా రైతే భరించాలంటే నిబంధన కాగితం మీదే ఉంటుంది. సంఘాలు జబ్బు పశువుల వివరాలు రాసుకుని, ఆ రోజుల పాలకు ఎంతో కొంత పరిహారమిస్తే తప్ప నిజం చెప్పేవాడుండడు.

సరిహద్దు క్రిమికి లేదు

ముళబాగిలు తాలూకా ఆవని జాతరకు, సంతలకు ఇరువైపుల పశువులూ వస్తాయి. ఒకవైపు టీకా వేసి మరోవైపు వేయకుంటే ప్రయోజనమేముంది? గాలికుంటు టీకా వేయించాం కదా అనుకోవద్దు, అది గొంతువాపును ఆపదు. వానలకు ముందే ఆ టీకా విడిగా అడగాలి. గొర్రెలకు పీపీఆర్ టీకా తప్పనిసరి. కొత్తగా కొన్న పశువును కొన్నాళ్లు వేరే కట్టేయాలి. జబ్బు చేస్తే అటు కుప్పం, పుంగనూరులోనైనా, ఇటు కోలార్‌లోనైనా సంచార పశువైద్యానికి నంబరు 1962 ఒక్కటే. అంగడికి పోయేముందు ఆ ఫోను చేస్తే సూది అవసరమో కాదో డాక్టరే తేలుస్తారు.