టవర్ స్పీకర్లున్నా సరే.. సెట్టింగ్స్‌లో ‘స్మాల్’ పెట్టండి!

హైదరాబాద్ పక్కన మొయినాబాద్, చేవెళ్ల, ప్రొద్దుటూరు వైపు ఇల్లు కట్టుకుంటూ హోమ్ థియేటర్‌కని ఓ గది విడిగా వదిలేవాళ్లు ఉన్నారు. బడ్జెట్‌లో పెద్ద వాటా టవర్ స్పీకర్లకే పోతుంది. తీరా ఏవీ రిసీవర్ మెనూలో ‘లార్జ్’, ‘స్మాల్’ అని కనిపిస్తే, అంత డబ్బు పోసి కొన్నదాన్ని ‘స్మాల్’ అనడానికి మనసొప్పదు. ‘లార్జ్’ కొట్టేస్తారు. నన్నడిగితే, పెట్టిన డబ్బు వృథా అయ్యేది ఇక్కడే.

ఆ పదాలు స్పీకర్ సైజు గురించి కావు. ‘లార్జ్’ అంటే బాస్ మొత్తం ఆ స్పీకరే మోయాలి. ‘స్మాల్’ అంటే ఒక హద్దు కంటే కింది బాస్ సబ్‌వూఫర్‌కు వెళ్తుంది. ఆ హద్దే క్రాసోవర్. ఈ పంపకమే బాస్ మేనేజ్‌మెంట్.

మరి 5.1లో ఆ ‘.1’ ఏంటి? అది ఎల్ఎఫ్ఈ. పేలుళ్లు, ఉరుముల్లాంటి ఎఫెక్ట్స్ కోసం 120 హెర్ట్జ్ వరకు ఉండే ప్రత్యేక ట్రాక్. కానీ మిగతా 5 ఛానెళ్లలోనూ బాస్ ఉంటుంది. ‘స్మాల్’ పెడితే రెండూ కలిసి సబ్‌వూఫర్‌కు చేరతాయి.

దీనివల్ల లాభమేంటంటే.. అదే వాల్యూమ్‌లో ఫ్రీక్వెన్సీ సగానికి తగ్గితే వూఫర్ కోన్ 4 రెట్లు ఎక్కువ కదలాలి. ఆ బరువు దించేస్తే టవర్‌కూ, రిసీవర్‌కూ ఊపిరాడుతుంది, డైలాగులు క్లియర్‌గా వినిపిస్తాయి. పైగా 40 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 8.5 మీటర్లు. గదిలో ఒకచోట బాస్ గుమ్మంటుంది, ఇంకోచోట మాయమవుతుంది. టవర్లను ఇష్టమొచ్చిన చోటికి జరపలేం. సబ్‌వూఫర్‌ను జరపొచ్చు.

‘మా టవర్లు 35 హెర్ట్జ్ దాకా వెళ్తాయి’ అంటారా? స్టీరియోలో పాటలకైతే ‘లార్జ్’ పెట్టుకోండి, తప్పులేదు. సినిమాకు మాత్రం వద్దు.

ఇలా చేయండి: క్రాసోవర్ 80 హెర్ట్జ్‌తో మొదలుపెట్టండి. అంతకంటే కింది శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవికి సులువుగా తెలియదు. టీహెచ్‌ఎక్స్ సూచించేదీ ఇదే. శాటిలైట్ స్పీకర్లు మరీ చిన్నవైతే 100-120కి పెంచండి. సబ్‌వూఫర్ వెనకున్న క్రాసోవర్ నాబ్‌ను మ్యాగ్జిమమ్‌లో వదిలేయండి, లేదంటే రెండు ఫిల్టర్లు ఒకదానిమీద ఒకటి పడతాయి. ‘ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్’ ఆప్షన్ జోలికి పోవద్దు. అదే బాస్ రెండుచోట్ల మోగి గది గందరగోళం అవుతుంది. ఆటో కాలిబ్రేషన్ అయ్యాక కూడా ఓసారి చెక్ చేయండి, టవర్లను అదే ‘లార్జ్’ చేసేసి ఉండొచ్చు.

ఇంకా కొనలేదా? అయితే టవర్ల బడ్జెట్‌ను మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్లకు, ఒక గట్టి సబ్‌వూఫర్‌కు పంచండి. ఇప్పటికే కొన్నవాళ్లు మెనూ తెరిస్తే చాలు, ఈ అప్‌గ్రేడ్‌కు రూపాయి ఖర్చు లేదు.