దుప్పికి కావాల్సింది గడ్డి. మన ఊళ్లు ఖాళీ కావడం కాదు.



పోస్టు కొంచెం పెద్దది. ఓపికగా చివరిదాకా చదవండి. నచ్చకపోతే కింద కొట్లాడండి, కానీ చదవకుండా లైకు కొట్టి పోకండి.

మనలో పట్నంలో చదివే ప్రతి ఒక్కరూ ఈ మాట ఒకసారైనా విని ఉంటరు: "మీవాళ్లు అడవి ఖాళీ చేస్తేనే కదా జింకలు పెరిగేది, జింకలు పెరిగితేనే కదా పులి నిలిచేది!" క్లాసులో సారు అంటడు, హాస్టల్లో దోస్తు అంటడు, టీవీలో పెద్దమనిషి అంటడు. మనం ఏం చేస్తం? జల్ జంగల్ జమీన్ అని నినాదం ఇచ్చి బయటికి వస్తం. నినాదం మనదే, దాన్ని విడిచేది లేదు. కానీ ఎదుటోడు సైన్స్ పేరు చెప్పి మాట్లాడుతుంటే మనం కూడా సైన్స్‌తోనే జవాబు చెప్పాలె. ఎందుకంటే ఆ సైన్స్ మనకు ఎదురు లేదు. వాళ్లు సగం చదివి సగం వదిలేసిన్రు, అంతే.

ముందు వాళ్ల లెక్కే తీసుకుందాం. ఒక పులి ఏడాదికి సుమారు 50 పెద్ద జంతువులను తింటది. మంద తరిగిపోకుండా ఉండాలంటే పదింట ఒక వంతుకు మించి పోకూడదు. అంటే ఒక్క పులి వెనక దాదాపు 500 దుప్పులు, కణుజులు, అడవి పందులు ఉండాలె. పులుల మీద ఏండ్ల తరబడి పనిచేసిన ఉల్లాస్ కారంత్ లాంటి శాస్త్రవేత్తలు చెప్పిన లెక్క ఇది. మేము దీన్ని కాదనం. 2012లో కవ్వాల్‌ను టైగర్ రిజర్వ్ చేసినప్పటి నుంచి తాడోబా వైపు నుంచి పులులు వస్తున్నయి, పోతున్నయి. తిండి లేని చోట ఏ జీవి నిలుస్తది? దాంట్ల తప్పు లేదు.

అసలు ప్రశ్న వేరే. ఆ 500 ఎక్కడి నుంచి రావాలె?

దుప్పి బతుకు చూడండి. ఆడ దుప్పి ఏడున్నర, ఎనిమిది నెలలు మోసి ఒక్క పిల్లను ఈనుతది. ఫలానా కాలంలోనే అని లేదు, మన దగ్గర ఏడాది పొడవునా ఈనగలదు. కడుపుకు గడ్డి, తాగడానికి నీళ్లు, దాక్కోవడానికి నీడ దొరికితే మంద తొందరగా పెరుగుతది. కానీ ఆ గడ్డి ఎట్లాంటిది? లేతది, పొట్టిది, ఎండ తగిలే చోట మొలిచేది. కణుజు సంగతి వేరు, అది గుట్టల మీద చిక్కటి చెట్లల్ల తిరిగి ఆకులు కూడా బాగా మేస్తది. దుప్పి మాత్రం అడవి అంచు జీవి. చెట్లు ఒకదిక్కు, మైదానం ఒకదిక్కు ఉన్న చోటే మందలు కనబడతయి. అంటే "అడవి ఎంత చిక్కగా ఉంటే అన్ని జింకలు" అన్న మాట దుప్పి విషయంలో తప్పు. ఇది మన తాతలకు ఏ పుస్తకం చెప్పలేదు. ఎండాకాలం తెల్లారకముందే ఇప్ప చెట్టు కింద పువ్వు ఏరుకోవడానికి పోయినోళ్లకు, తమకంటే ముందే దుప్పులు వచ్చి తినిపోయిన జాడ తెలుసు. కొండముచ్చులు ఆకులు తెంపి రాలుస్తుంటే కింద దుప్పులు చేరతయని కూడా తెలుసు.

మరి అడవి నడుమ మైదానాలు ఎవరు చేసిన్రు? మధ్యప్రదేశ్‌లోని కాన్హా పోదాం. టూరిస్టులు జీపుల్లోంచి ఫొటోలు తీసే అక్కడి గడ్డి మైదానాల్లో చాలా వరకు ఒకప్పటి గోండు, బైగా ఊళ్ల పొలాలు, పశువుల మేత భూములు. గొడ్డలి, నాగలి, పశువుల నోళ్లు కలిసి చేసిన మైదానాలు అవి. 1970లో కాన్హాలో బారసింగా జింకలు 66 మాత్రమే మిగిలినయి. ఊళ్లను లేపిన తర్వాత ఆ భూముల్లో గడ్డి ఎదిగింది, బారసింగాలు మళ్లీ వందల్లోకి పెరిగినయి. ఇది నిజం, దీన్ని దాచిపెట్టి వాదన గెలవాలని మాకు లేదు.

కానీ కథ అక్కడ ఆపితే అబద్ధం అయితది. ఊరు పోయిన తర్వాత ఆ మైదానం దానంతట అది నిలవలేదు. వదిలేస్తే చెట్లు, పిచ్చి పొదలు ఎక్కుతయి. అందుకే అటవీ శాఖ మొక్కలు పీకిస్తది, కలుపు తీయిస్తది, కొన్ని చోట్ల కాలుస్తది కూడా. ఈ పనులు కూలికి చేసేది ఎవరు? చుట్టుపక్కల మనలాంటోళ్లే. అంటే మన తాత సొంతంగా చేస్తే అడవి నాశనం. అదే పనిని మనవడు కూలికి చేస్తే ఆవాస అభివృద్ధి!

కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు ఇదే మాట ఎప్పటి నుంచో చెబుతున్నరు. ఎండాకాలం మొదట్లో ఎండుటాకులకు చిన్న మంట పెట్టే అలవాటు వాళ్లది. ఆ మంట ఆపించిన తర్వాత లాంటానా కమ్ముకుంది, గడ్డి పోయింది అని వాళ్లు అంటే చాలాకాలం ఎవరూ వినలేదు, తర్వాత పరిశోధకులు ఆ మాటను పట్టించుకుని చదివిన్రు. 2011లో సోలిగలకు ఆ టైగర్ రిజర్వ్ లోపలనే సామూహిక అటవీ హక్కులు వచ్చినయి. మనుషులకు హక్కు ఇస్తే పులి పారిపోలేదు.

ఇంకో కథ కూనోది. ఇది మన పిల్లలందరికీ తెలియాలె. గుజరాత్ సింహాలను తెస్తమని 24 ఊళ్ల సహరియా ఆదివాసులను బయటికి పంపిన్రు. సింహాలు రాలేదు. 2013లో సుప్రీంకోర్టు చెప్పినా రాలేదు. చివరికి 2022లో నమీబియా నుంచి చీతాలు వచ్చినయి. వాటి తిండికి వేరే అడవుల నుంచి దుప్పులను పట్టి తెచ్చిన్రు. బోమా అని ఒక పద్ధతి ఉంది. గరాటు లాగ చాపలు, నెట్‌లు కట్టి, మందను నెమ్మదిగా అందులోకి నడిపించి, చివరన లారీలోకి ఎక్కిస్తరు. దుప్పిని బెదరకుండా తరలించడానికి అంత ఓపిక పట్టిన్రు. సహరియాలు వెళ్లిన చోట నీళ్లున్నయా, దున్నే భూమి ఉందా అని చూడడానికి అందులో సగం ఓపికైనా పట్టిన్రా?

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2025 మార్చి చివర హైదరాబాద్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి జేసీబీలు వచ్చినప్పుడు విద్యార్థులు నిలబడ్డరు. జింకల కోసం దేశమంతా మాట్లాడింది, సుప్రీంకోర్టు ఆపింది. మేము ఆ విద్యార్థుల వైపే. కానీ రెండు నెలలకే, మే చివర్లో, జీవో 49 వచ్చింది. కవ్వాల్‌ను తాడోబాతో కలిపే అడవిని కన్జర్వేషన్ రిజర్వ్ చేస్తమన్నరు. దానికి కుమ్రం భీం పేరే పెట్టిన్రు! అడవి మీద హక్కు కోసం 1940లో ప్రాణమిచ్చిన మనిషి పేరు అది. ఇట్లాంటి రిజర్వ్ చేసే ముందు అక్కడి ప్రజలతో సంప్రదించాలని వన్యప్రాణి చట్టమే చెబుతున్నది. మా గ్రామసభలను ఎందుకు అడగలేదన్నదే మన ఊళ్ల ప్రశ్న. ఆందోళనలు జరిగినంక జూలైలో దాన్ని పక్కన పెట్టిన్రు. పక్కన పెట్టడం వేరు, రద్దు చేయడం వేరు. పట్నం జింక కోసం ఏడ్చినోళ్లు మన ఊళ్ల గురించి ఒక్క మాటన్నా అంటే బాగుండేది.

చట్టం కూడా మన చేతిలోనే ఉంది, చదవండి. టైగర్ రిజర్వ్‌ల నుంచి మనల్ని పంపాలంటే మన ఇష్టం ఉండాలె. దాంతోపాటు మన వల్ల కోలుకోలేని నష్టం జరుగుతున్నదని, కలిసి బతికే దారి వేరే లేదని ముందు తేల్చాలె. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 5 అడవిని, అడవి జంతువులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. అందుకోసం గ్రామసభ తన సభ్యులతోనే కమిటీ వేసుకోవచ్చని రూల్స్‌లో ఉంది. మన ఊళ్లల్ల ఎన్నింటికి ఆ కమిటీ ఉంది? చేతులు ఎత్తండి చూద్దాం.

ఇక మన తప్పుల సంగతి. ఇది రాయకపోతే ఈ పోస్టుకు విలువ లేదు.

అదే చట్టం మనకు వేట హక్కు ఇవ్వలేదు, మేము అడగడం కూడా లేదు. కానీ ఉచ్చులు పెట్టేటోళ్లు మన దగ్గర లేరా? ఉన్నరు. పండుగకు తాతలు పోయే వేట కాదు ఇది. పట్నం నుంచి ఫోన్ వస్తది, మాంసం మూటగట్టి పోతది. పైసలు తినేది ఎవడో, కేసు పడేది మన తమ్ముడి మీద. పంటకు కరెంటు తీగ పెడుతున్నరు. పంది కోసం పెట్టిన తీగకు దుప్పి పడుతది, పులి పడుతది, తెల్లారగట్ల చేనుకు పోయిన మనిషి కూడా పడుతడు. ఊరి కుక్కలు గుంపుగా పోయి పిల్లలను చంపుతున్నయి. వీటిని మనమే ఆపకపోతే "చూసిన్రా, అందుకే లేపాలె" అనేటోడికి మనమే సాక్ష్యం అందించినట్టు.

అట్లని పంట నష్టం చిన్నది కాదు. సెలవులకు ఇంటికి పోయి మంచె మీద రాత్రంతా వడిసెల పట్టుకుని కూర్చున్నోళ్లం మనం. తెల్లారేసరికి మొలకలన్నీ మేసి పోతే అమ్మ మొహం చూడలేం. జింకలు పెంచుతమనే శాఖే ఆ నష్టానికి పరిహారం ఆ పంటకాలంలోనే ఇయ్యాలె, ఆఫీసు చుట్టూ తిప్పొద్దు.

మేము అడిగేది ఇంతే. గడ్డి మైదానాలు ఎక్కడ పెంచాలె, ఏ పొదలు తీయాలె, ఎండాకాలం నీళ్లు ఎక్కడ ఉంచాలె అన్నది గ్రామసభతో కూర్చుని తేల్చండి. ఆ పని కూలీగా కాదు, హక్కుదారుగా మనకు ఇయ్యండి. దుప్పుల లెక్క తీసేటప్పుడు మన పిల్లలను వెంట తీసుకుపోండి, లెక్క ఊరికి చదివి వినిపించండి.

మన పని కూడా ఉంది. ఈ సెలవుల్లో ఇంటికి పోయినోళ్లు గ్రామసభలో రెండు తీర్మానాలు పెట్టించండి: ఒకటి సెక్షన్ 5 కింద కమిటీ, రెండోది కరెంటు తీగలు, ఉచ్చులు బంద్. తీర్మానం ఫొటో ఇక్కడ పెట్టండి. ఎన్ని ఊళ్లు చేసినయో మేము లెక్క రాస్తం.

దండారికి గుస్సాడీలు నెమలి ఈకల టోపీకి కొమ్ములు కట్టుకుని ఆడతరు. జింకను నెత్తి మీద పెట్టుకున్న జాతికి జింకను ఎట్ల కాపాడాలో నేర్పేముందు, ఒక్కసారి మనల్ని అడగండి.

జై ఆదివాసీ! జోహార్ కుమ్రం భీం!