పటిక బురద చేసే పని

గోదావరి ఒడ్డునున్న ఒక పట్టణం నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వారి పేట చెరువును గుర్రపుడెక్క కమ్మేసిందట. మునిసిపాలిటీవారు రెండుసార్లు కూలీలను పెట్టి తీయించారట. మూడోనెల తిరక్కుండా మళ్ళీ గట్టునుంచి గట్టుకు అల్లుకుందట. "మీరు తెలుగు మేష్టారే అయినా నాలుగూ చదువుతారు గదా, చెరువులో చల్లడానికి చవకమందు ఏదైనా ఉంటే చెప్పండి" అని అడిగారు.

మందు సంగతి తర్వాత. అసలు గుర్రపుడెక్క పిలవని పేరంటం కాదు. మనం అన్నం పెట్టి పిలిచినదే. ఇళ్ళ మురుగులోనూ, పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువులోనూ నత్రజని, భాస్వరం ఉంటాయి. వరికి ఏది బలమో నాచుకూ అదే బలం. కెనడాలో డేవిడ్ షిండ్లర్ అనే ఆయన 1973లో ఒక చెరువుకు నడుమ తెరకట్టి రెండు భాగాలు చేయించాడు. రెండువైపులా చక్కెర, నత్రజని కలిపారు. ఒకవైపు మాత్రం వాటితోపాటు భాస్వరం కూడా వేశారు. ఆ వైపు నీళ్ళు కొద్దివారాల్లో పచ్చబడ్డాయి, రెండోవైపు తేటగానే ఉన్నాయి. ఆకాశంనుంచి తీసిన ఆ ఫోటో చూస్తే ఇక వాదించడానికేమీ మిగలదు.

ఆ పచ్చదనం చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకివచ్చి నోళ్ళు తెరవడం అందుకే. మురుగు శుద్ధిచేసే కేంద్రం ఉన్న ఊళ్ళోనూ మామూలు పద్ధతిలో కంపూ మడ్డీ పోతాయిగాని భాస్వరం చాలామట్టుకు నీళ్ళతోనే దాటిపోతుంది.

దాన్ని పట్టే వస్తువు మన ఇళ్ళల్లో ఎరిగినదే. కొత్తనీరు వచ్చినప్పుడు బిందెలో పటికముక్క తిప్పితే మట్టి అడుక్కు దిగుతుంది కదా? మంచినీళ్ళ కేంద్రాల్లోనూ పటికే వేస్తారు. అక్కడ అడుగున దిగే బురద బండ్లకొద్దీ వస్తుంది. దాన్ని పారబోయడమే పెద్ద తలనొప్పి. కాని ఆ బురదలో అల్యూమినియం ఉంది, భాస్వరం దాన్ని పట్టుకు వేలాడుతుంది. ఐర్లండులో ఈ బురదను ఆరబెట్టి, పలుకులుగా చేసి, రెల్లు పెంచే మడుగుల్లో గులకరాళ్ళకు బదులు పరిచి, పశువులశాల మురుగును దానిమీదుగా పారించి చూశారు. భాస్వరం బాగా తగ్గింది.

ఇలా అంటిపెట్టుకోవడాన్ని మన శాస్త్రగ్రంథాల్లో 'అధిశోషణం' అంటారు. మాట బాగా కుదిరింది. శోషణమంటే స్పంజిలా లోపలికి పీల్చడం. 'అధి' చేరితే పైపొరమీద పట్టుకోవడం. కనుక పైపొర ఎంత ఎక్కువైతే, అంటే పదార్థం ఎంత గుల్లగా ఉంటే, అంత పని. దానికీ ఒక హద్దుంది. చోటంతా నిండిపోతే ఇక పట్టదు, మార్చాలి.

ఈమధ్య వేరుశనగ తొక్కల బొగ్గు, గుడ్డుపెంకు, ఇటుకపొడి అంటూ ప్రతిదానికీ ఒక పరిశోధన వ్యాసం కనిపిస్తోంది. పరీక్షనాళికలో గెలిచినవన్నీ మురుగుకాల్వలో గెలవవు. ఉత్త బొగ్గు భాస్వరాన్ని అంతగా పట్టదు; దానికి ఇనుమో మెగ్నీషియమో సున్నమో పట్టించాలి. కాల్చిన గుడ్డుపెంకు పడుతుంది, అందులో సున్నముంది గనుక. పటిక బురద నత్రజనిని వదిలేస్తుంది. అమ్మోనియా రూపంలో ఉన్నదానికి జియొలైటు అనే ఖనిజం వేరే కావాలి.

మరొక చిక్కు. మన దేశం భాస్వరపు ఎరువులకు కావలసిన రాతిలో అధికభాగం పరదేశాలనుంచి కొనుక్కుంటోంది. అంత డబ్బుపోసి తెచ్చినది చివరకు చెరువులో కలుస్తోంది. పట్టినదాన్ని మళ్ళీ పొలానికి పంపితే బాగుండును. అయితే అల్యూమినియం పట్టు గట్టిది, పైరుకు తొందరగా విడవదు. ఈ విషయంలో సున్నపు సరుకే మేలు. చవక అనగానే కొనేముందు, వాడినతరువాత దాన్నేం చెయ్యాలో కూడా అడగాలి. ఫ్యాక్టరీ చిట్టెమైతే అందులోంచి విషలోహాలు దిగుతాయేమో పరీక్ష చేయించాలి.

ఇక సోదరికి జవాబు. చెరువులో పటిక గుమ్మరించకండి. నీళ్ళు పులిసి చేపలు చస్తాయి. గుర్రపుడెక్కను తీసి గట్టునే కుప్పపోస్తే కుళ్ళిన సారమంతా మొదటి వానకే చెరువులోకి జారుతుంది. దూరంగా తోలించి ఎరువు చేయించండి. అడ్డువెయ్యవలసింది మురుగుకాల్వ చెరువులో కలిసేచోట. మీ మంచినీళ్ళ కేంద్రంవారు పటిక బురదను ఎక్కడ పారబోస్తున్నారో కనుక్కొని, దాన్ని ఆరబెట్టి కాల్వమొగలో ఒక చిన్న మడుగు కట్టి చూడమని మునిసిపల్ ఇంజనీరుగారికి అర్జీ పెట్టండి. మడుగులోకి వచ్చే నీళ్ళూ, బయటికి పోయే నీళ్ళూ నెలనెలా పరీక్ష చేయించమని అందులోనే రాయండి. రెండు అంకెలూ ఒకటైననాడు బురద మార్చాలి. పేటలో సంతకాలు ఎక్కువ పడితే మంచిది, మీ వీధి ఆడవాళ్ళందరినీ కలుపుకోండి.