కడుపులో బిడ్డ, గుండెలో గుబులు

దుర్గి నుండి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. పేరు వేయవద్దని కోరారు. ఆమెకిప్పుడు అయిదవ నెల. రెండేళ్ళ క్రితం ఏడవ నెలలోనే కాన్పై బిడ్డ దక్కలేదు. ఆ తరువాత గుండెదడతో, నిద్రలేమితో బాధపడుతుంటే ఒక వైద్యుడు ఆల్ప్రాజోలమ్ మాత్ర వ్రాశారు. ఆ చీటీ ఎప్పుడో పోయింది. మాత్ర మాత్రం ఏడాదిన్నరగా ప్రతి రాత్రీ సాగుతూనే ఉంది. మొన్న అత్తగారు మాత్రల అట్ట చూసి, "ఈ బిడ్డను కూడా పోగొట్టుకుంటావా?" అంటూ బయట పారేయించారట. అప్పటి నుండి చేతుల వణుకు, చెమటలు. మూడు రాత్రులుగా కునుకు లేదు. "నమాజులో నిలబడినా మనసు నిలవడం లేదు ఆపా, నా ఈమాన్‌లోనే లోపముందా?" అని అడిగారు.

ఉత్తరంలో ఫోను నంబరు ఉన్నందున అదే రోజు మాట్లాడాను. మాసపత్రిక వచ్చేదాకా ఆగదగిన విషయం కాదది. ఇలాంటి మాత్రలను నెలల తరబడి వాడి హఠాత్తుగా ఆపితే శరీరం తిరగబడుతుంది. వణుకు, నిద్రలేమి, విపరీతమైన కంగారు, కొందరిలో మూర్ఛ కూడా రావచ్చు. గర్భిణికి మూర్ఛ వస్తే ప్రమాదం ఇద్దరికీ. ఆమె భర్త మరునాడే వైద్యుల వద్దకు తీసుకువెళ్ళారు. మాత్రను మళ్ళీ మొదలుపెట్టి, వారాల తరబడి మోతాదును కొద్దికొద్దిగా తగ్గించే ఏర్పాటు చేశారు. దుర్గి శిల్పులకు ఈ పద్ధతి వేరే చెప్పనక్కరలేదు. ఒక్క దెబ్బతో తీయాలని చూస్తే రాయే చీలిపోతుంది.

అయితే అత్తగారి భయాన్ని నేను తేలికగా తీసివేయను. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే మందును నిద్రకూ ప్రశాంతతకూ నిరపాయమైనదని చెప్పి అమ్మారు. వేవిళ్ళు తగ్గుతాయని గర్భవతులెందరో వాడారు. 1961 నవంబరులో దానిని అక్కడి మార్కెట్టు నుండి తొలగించేనాటికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. అనేక దేశాల్లో కలిపి పదివేలకు పైగా శిశువులు కాళ్ళూ చేతులూ సరిగా ఏర్పడక పుట్టారు. గర్భిణుల మందుల విషయంలో లోకం నేటికీ ఇంత జాగ్రత్త పడడానికి ఆ విషాదం ఒక ముఖ్య కారణం.

కానీ మనసును నెమ్మదింపజేసే ప్రతి మందూ థాలిడోమైడ్ కాదు. ఆల్ప్రాజోలమ్, డయాజెపామ్ వర్గపు మందుల వలన గ్రహణమొర్రి వస్తుందేమోనని తొలినాటి పరిశోధనల్లో అనుమానం కలిగింది. తరువాతి పెద్ద అధ్యయనాలు దానిని గట్టిగా బలపరచలేదు. నెలలు నిండే రోజుల్లో వాడితే మాత్రం పుట్టిన బిడ్డ మగతగా, మెత్తబడి ఉండడం, పాలు సరిగా తాగకపోవడం, ఊపిరికి ఇబ్బందిపడడం జరగవచ్చు. కనుకనే వైద్యులు వీటిని తక్కువ మోతాదులో, తక్కువ కాలానికి పరిమితం చేయాలని చూస్తారు. దీర్ఘకాలం మందు తప్పదనుకుంటే సెర్‌ట్రలీన్ వంటిది ఎంచుకోవడం పరిపాటి. అది పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. వాల్‌ప్రోయేట్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుందన్నది రుజువైన సంగతి. ఏది ఎవరికి తగునన్నది చీటీ వ్రాసే వైద్యులే నిర్ణయించాలి. పక్కింటావిడ కాదు, నేనూ కాదు.

మరి మందుల దుకాణంలో చీటీ లేకుండా ఏడాదిన్నర ఈ మాత్ర ఎలా దొరికింది? 2014 మార్చి నుండి ఆల్ప్రాజోలమ్ హెచ్-1 జాబితాలో ఉంది. చీటీ చూసి, వైద్యుని పేరూ రోగి పేరూ రిజిస్టరులో వ్రాసి మరీ అమ్మాలి. తెలిసిన దుకాణమని పిల్లవాడిని పంపి తెప్పించుకునే అలవాటు మన ఇళ్ళలో పోవాలి.

ఆందోళనకు చికిత్స చేయించకుండా వదిలేయడమూ క్షేమం కాదు. తీవ్రమైన ఆందోళన నెలలు నిండని కాన్పుకూ, ప్రసవానంతర కుంగుబాటుకూ దారితీయవచ్చు. గుండెదడ రక్తహీనత వల్లనో, థైరాయిడ్ వల్లనో కూడా రావచ్చు గనుక ఆ రక్తపరీక్షలు ముందు చేయించాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు జరిగే ఉచిత పరీక్షల్లో మనసు బాధ కూడా దాచకుండా చెప్పండి. భయపెట్టే ఆలోచనలను ఎదుర్కోవడం నేర్పే మాటల చికిత్స కూడా ఉంది. టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక ఈమాన్ సంగతి. ప్రసవ వేదనతో ఖర్జూరపు చెట్టు మొదట్లో ఒంటరిగా ఉన్న హజ్రత్ మర్యమ్ (అలైహస్సలామ్), ఇంతకుముందే చనిపోయినా బాగుండేదని తల్లడిల్లిన వైనాన్ని ఖుర్‌ఆన్ దాచలేదు. ఆమెకు మందలింపు రాలేదు. ఓదార్పు వచ్చింది, నీరు వచ్చింది, పండ్లు వచ్చాయి. దేహానికి జబ్బు చేసినట్లే మనసుకూ చేస్తుందనీ, రెంటికీ చికిత్స అవసరమనీ అబూ జైద్ అల్-బల్ఖీ వెయ్యేళ్ళ కిందటే ఒక గ్రంథం వ్రాశారు. దుఆ చేస్తూనే మందు వేసుకోవడంలో వైరుధ్యమేమీ లేదు.

ఆ సోదరి ఇంకొక మాట కూడా చెప్పారు. పోయిన బిడ్డ గురించి ఈ రెండేళ్ళలో ఇంట్లో ఎవరూ ఒక్కసారైనా మాట్లాడలేదట, ఏడుస్తుందని. ఏడవనివ్వండి, అత్తగారూ! పక్కన కూర్చోండి. పట్టుబట్టి అడగకండి, చెబితే వినండి. భర్తగారికి ఒక పని: మందు పేరు, మోతాదు, తగ్గించిన తేదీలు ఒక కాగితం మీద వ్రాసి, పరీక్షల చీటీలతో పాటు కాన్పు సంచిలో ఇప్పుడే పెట్టండి. ప్రసవం చేసే డాక్టరమ్మకూ, బిడ్డను చూసే వైద్యులకూ అది అందాలి.