ఎవరి కోసం ఈ గూడు?

మొన్న సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు, రాజోలు దగ్గర మా బంధువుల ఇంటి అరుగు మీద ఒక చిన్న సభ జరిగింది. ఇరవై ఏళ్ళ క్రితం ఊరివాళ్ళం కొందరం కలిసి ఊరి పేరిట కట్టుకున్న సైటును తిరగగట్టాలన్నది చర్చనీయాంశం. కుర్రవాళ్ళిద్దరు మూడు నమూనాలు తెచ్చి చూపించారు. ఒకదానిలో కొబ్బరితోటల మీదుగా ఎగిరే డ్రోను దృశ్యం, ఇంకొకదానిలో జగ్గన్నతోట ప్రభల తీర్థం, మూడోదానిలో అంతర్వేది దగ్గర గోదావరి సముద్రంలో కలిసే చోటు. మూడూ కన్నులపండువుగానే ఉన్నాయి. ఏ రంగు బాగుందన్న దాని మీద గంటసేపు వాదించుకున్నాం. అసలు ఈ సైటుకు ఎవరు వస్తారు, ఏ పని మీద వస్తారు అన్న ప్రశ్న మాత్రం కాఫీలు అయిపోయేదాకా ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, దాచడమెందుకు.

ఆ పాత సైటు కట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ రోజుల సైటులు ఎలా ఉండేవో మీకు వేరే చెప్పాలా? కుడి నుంచి ఎడమకు పాకే "సుస్వాగతం", కింద సందర్శకుల లెక్క చూపే అంకెలు, నాలుగు కొబ్బరిచెట్ల ఫోటోలు, ఆలయాల జాబితా. మొదట ఏదో ఫాంటులో రాశాం. అది దించుకోనివారికి తెర నిండా పిచ్చిగీతలు కనిపించేవి. తరవాత యూనీకోడులోకి మార్చి, గొప్ప పని చేశామని ఒకరి భుజం ఒకరం తట్టుకున్నాం. అక్షరాలు కనబడ్డాయి గానీ, ఆ అక్షరాలతో ఎవరికి ఏమి చెప్పదలిచామో మాకే తెలియదు. సందర్శకుల లెక్కలో సగం మేమే.

దాని ఖరీదు నాకు 2022 జులైలో తెలిసింది. ఆ నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అంతటి నీరు 1986 తరవాత మళ్ళీ అప్పుడే. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. అప్పుడు ప్రవాహం 25 లక్షలు దాటింది. మా పెద్దమ్మ ఉండేది ఒక లంక ఊళ్ళో. హైదరాబాదులో ఉన్న నాకు బెంగుళూరు నుంచి బావ ఫోను చేశాడు. "అత్తయ్య ఫోను తియ్యడంలేదు. కాజ్‌వే మునిగిందా? పడవ ఎక్కడికి వస్తోంది? మీరేదో ఊరి సైటు పెట్టారుగా, అందులో ఏమైనా ఉందేమో చూడు" అన్నాడు. తెరిచాను. "సుస్వాగతం" పాకుతోంది.

పెద్దమ్మ క్షేమంగానే ఉంది. పక్కింటివాళ్ళ మేడ మీద రెండు రోజులు గడిపిందని తరవాత తెలిసింది. ఆ పాకే మాట మాత్రం ఇప్పటికీ నా కళ్ళముందు నుంచి పోలేదు.

అందుకే అరుగు మీద, ఆలస్యంగానైనా, అడిగాను: "అర్ధరాత్రి ఈ సైటు తెరిచే మనిషి ఎవరు? ఆ మనిషికి ఏం కావాలి?" కుర్రవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఒక తాతగారు మాత్రం తడుముకోకుండా అన్నారు: "ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక అన్నారంటే మా చెరుకుతోట గట్టు తెగినట్టే, మూడోది అంటే గొడ్లను ఏటిగట్టు మీదకు తోలుకోవాల్సిందే. ఇది మీ టీవీవాడు చెప్పడు." ఆ ఒక్క వాక్యంలో మాకు కావలసిన సైటు అంతా ఉంది. ప్రభుత్వం క్యూసెక్కుల్లో చెబుతుంది. ఆ క్యూసెక్కులు ఏ వీధి చివర, ఏ గుమ్మం ముందు ఎంత నీరవుతాయో ఊరికి తెలుసు, కాని అది పెద్దవాళ్ళ నోటనే ఉంది. భద్రాచలం నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఆ ఒక్క రోజులో ఏమేం సర్దుకోవాలో తెలుగులో, చిన్న ఫోనులో, మందకొడి సిగ్నలులో కూడా తెరుచుకునేలా పెట్టగలిగితే చాలు. అలాంటి పేజీకి డ్రోను దృశ్యం శత్రువు.

ప్రయోజనం ముందు తేల్చుకున్న కట్టడాన్ని చూడాలంటే మనవాళ్ళు దూరం పోనక్కర్లేదు. పి.గన్నవరం దగ్గర వైనతేయ మీద పంథొమ్మిదో శతాబ్దంలో కట్టిన 49 కమానుల అక్విడెక్టు ఉంది. నది మీదుగా కాలవను దాటించి నగరం లంకకు నీరివ్వాలి, ఇదొక్కటే దాని పని. దాని అందమంతా ఆ పనిలోంచే వచ్చింది. 2000లో పక్కనే కొత్తది కట్టారు, డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. అదీ అదే పని చేస్తోంది.

అంతర్జాలంలోనూ ఈ తేడా చూస్తూనే ఉన్నాం. ఆంధ్రభారతిలో మాట కొడితే పలు నిఘంటువుల అర్థాలు ఒక్కచోట వస్తాయి. సోకులేమీ లేవు, కాని రోజూ వెళ్తాం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సంగతి వేరు. పది లక్షల పుస్తకాలు స్కాను చెయ్యాలన్న పెద్ద సంకల్పంలో భాగమది. లెక్క మీద పెట్టిన శ్రద్ధ వెతుక్కునేవాడి మీద పెట్టలేదు. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కొక్కచోట ఒక్కో వరసలో రాశారు. తప్పు వర్ణక్రమాన్ని ఊహించగలిగినవాడికే పుస్తకం దొరికేది. మనలో ఎంతమంది ఆ ఊహాగానంలో రాత్రులు గడిపారో! ఆ సైటు మూతపడ్డాక ఆ పుస్తకాలెన్నో ఆర్కైవ్.ఆర్గ్‌లో నిలిచాయి, తప్పుల పేర్లతో సహా.

నాకు ఎదురు వాదన ఒకటి వచ్చింది, బలమైనదే. "మీరంతా ఏ ప్రయోజనం చూసుకుని రాయడం మొదలుపెట్టారండీ? సరదాకే కదా?" అని ఒక కుర్రవాడు అడిగాడు. నిజమే. సొంత రాతకు ప్రయోజనం అడగకూడదు. అది మన వీధి అరుగు, ఊరికే కూర్చోవచ్చు. ఊరి పేరు పెట్టుకున్నది మాత్రం రేవు. పడవ కోసం వచ్చినవాడికి పడవ దొరకాలి.

మిగిలిన సరంజామాకు వేరే ఇళ్ళున్నాయి. ఊరి చరిత్ర తెలుగు వికీపీడియాలో రాయవచ్చు, ప్రభల ఫోటోలు కామన్స్‌లో పెట్టవచ్చు. ప్రకటనలూ దరఖాస్తులూ, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కొత్త జిల్లా సైటు చూసుకుంటుంది. అవన్నీ మళ్ళీ మనం పేర్చుకోవడం దండగ. ఈ మాటకు సభలో సగంమంది అలిగారు. గుడి పేజీ తియ్యడానికి వీల్లేదన్నారు. ఉంచండి, కాని మొదటి పేజీలో వద్దన్నాను. ఆ తగువు ఇంకా తెగలేదు.

ప్రస్తుతానికి కుర్రవాళ్ళు నమూనాలు పక్కనపెట్టి ఒక నోటుపుస్తకం పట్టుకుని తిరుగుతున్నారు. ఏ హెచ్చరికకు ఏ దారి మునుగుతుందో ఇంటింటికీ వెళ్ళి అడిగి రాసుకుంటున్నారు. పెద్దమ్మ వాళ్ళింట్లో 1986 నాటి నీటిమట్టం గోడ మీద గీతగా ఉందట. ఈమధ్య సున్నం వేయించినప్పుడు కూడా దాన్ని చెరపనివ్వలేదట. దాని ఫోటో నిన్ననే పంపించారు.