చేతిపని: సాగిపోయిన నూలు కోటు



ఈ నెల ఒక చెల్లాయి జాబు రాసింది. ఏ పుస్తకమూ చూడకుండా, తన సొంత ఊహతో తమ్ముడికి నూలు దారంతో కోటు అల్లిందట. తొడిగిన రోజున నడుం దాకా వచ్చింది. రెండుసార్లు ఉతికి దండెం మీద వేలాడదీసేసరికి తొడల దాకా దిగింది. తమ్ముడు ఇక తొడుక్కోనని మొరాయిస్తున్నాడు. "అల్లికకు ఉన్నే తగినది, నూలు పనికిరాదు" అంటున్నారట ఇంట్లో అందరూ. "నిజమేనా, అక్కయ్యా?" అని అడిగింది.

నిజం కాదమ్మా. ఇప్పటికి దొరికిన అతి పాత అల్లికలలో ఈజిప్టు దేశపు మేజోళ్ళున్నాయి. మధ్యయుగాల నాటి ఆ మేజోళ్ళు తెల్ల నూలూ, నీలి నూలూ కలిపి అల్లినవి. అదీగాక, మన ఎండలకు ఉన్ని కోటు ఏడాదిలో ఎన్నాళ్ళు తొడుక్కుంటాం?

అయితే నూలు గుణం తెలుసుకుని అల్లాలి. ఉన్ని పోగు గొర్రె వెంట్రుక. పుట్టుకతోనే వంకీలు తిరిగి ఉంటుంది. లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. పత్తి పోగు అలా కాదు. అది పత్తిగింజ పైపొర మీద పొడుగ్గా పెరిగిన ఒకే ఒక కణం. కాయ పగిలి ఎండినప్పుడు చదునై, మెలితిరిగిన రిబ్బనులాగా అవుతుంది. దానికి బలముంది, తడిస్తే ఇంకా బలం. కాని స్ప్రింగు గుణం లేదు. పైగా నీళ్ళు బాగా పీల్చి బరువెక్కుతుంది. ఆ బరువుతో వేలాడితే ఉచ్చులన్నీ సాగక ఏం చేస్తాయి? నూలు కోటును తువ్వాలులో చుట్టి ఒత్తి, చాప మీద పరిచి ఆరెయ్యాలి.

పాడైంది కోటేగాని దారం కాదు. అల్లికలో గొప్ప సుఖం ఇదే: కొస దొరికితే అంతా విప్పుకోవచ్చు. విప్పిన దారాన్ని చిలపగా చుట్టి, తడిపి ఆరేస్తే వంకరలు పోతాయి.

ఈసారి మాత్రం ముందుగా అరచేతికన్న పెద్ద ముక్క ఒకటి అల్లి, ఉతికి, ఆరాక కొలవాలి. విసుగే, కాని తప్పదు. తమ్ముడి ఛాతీ 64 సెంటీమీటర్లనుకోండి. వదులుకు 6 కలిపితే 70. ముక్కలో 10 సెంటీమీటర్లకు 20 కుట్లు వస్తే మొత్తం 140 కుట్లు కావాలి. వెనక భాగానికి 70, ముందు రెండు రెక్కలకు 35 చొప్పున. బొత్తాల పట్టీ వేరే. 20 అనుకున్నవి నిజానికి 22 అయితే, ఆ 140 కుట్లూ 64 సెంటీమీటర్లు కూడా రావు. బొత్తాలు పెడితే తమ్ముడికి ఊపిరాడదు!

ఇక డిజైను. అల్లికకు అక్షరాలు రెండే: ప్లెయిను, పర్లు. నిజానికి ఒకటే, ఎందుకంటే ప్లెయిను వెనకవైపే పర్లు. ప్లెయిను నున్నగానూ, పర్లు బొడిపెలాగానూ కనిపిస్తాయి. ఉన్ని నూగులో బొడిపెలు సగం దాక్కుంటాయి. నూలు మీద చక్కగా తేలతాయి. మీకు చుక్కల ముగ్గులు వచ్చుగా? గళ్ళ కాగితం మీద ముగ్గు వెయ్యండి. చుక్క ఉన్న గడిలో పర్లు, లేని గడిలో ప్లెయిను. తిరుగు వరసలో వెనకవైపు చూస్తూ అల్లుతాం గనక అక్కడ తారుమారు చెయ్యాలి.

ఒక చిక్కుంది. కుట్టుకు వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. 10 సెంటీమీటర్ల ఎత్తుకు 28 వరసలు పడితే, 20 గళ్ళ వెడల్పూ 20 గళ్ళ ఎత్తూ ఉన్న ముగ్గు 10 సెంటీమీటర్ల వెడల్పూ, 7 సెంటీమీటర్ల ఎత్తూ వస్తుంది. ఎవరో మీద కూర్చున్నట్టుంటుంది! దాన్ని 28 గళ్ళ ఎత్తు గియ్యండి.

ఒట్టి ప్లెయిను అంచు చాపలా చుట్టుకుపోతుంది. అందుకని కింది అంచుకూ, బొత్తాల పట్టీకీ ఒక కుట్టు ప్లెయిను, ఒకటి పర్లు వేస్తూ, పై వరసలో నున్నన మీద బొడిపె, బొడిపె మీద నున్నన వచ్చేటట్టు అల్లండి. బొత్తాలు తేలికవే కుట్టండి; ఇత్తడివైతే నూలును కిందికి లాగుతాయి.